భాగహారంలో ఇరుక్కున్న ఊరు

"ఆ ఊరొద్దు, ఇంకో సీటు చూసుకోమను వాణ్ణి." ఫోన్‌లో అమ్మ గొంతు వణికింది. తమ్ముడికి సీటొచ్చింది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో. అమ్మకెవరో 'ప్రమాదకర నగరాల' జాబితా పంపారు.

ఆ ఊరు 1876లో ఓటేసి మరీ తన కౌంటీ (మన జిల్లాలాంటిది) నుంచి విడిపోయింది. హద్దుల్లోపల ఉండేది 3 లక్షల లోపు మందే, చుట్టుపక్కలంతా కలిపితే దాదాపు 28 లక్షలు. జాబితాలో ర్యాంకు వచ్చేది ఊళ్లో జరిగిన నేరాల్ని ఊరి జనాభాతో భాగించి. శివారు నుంచి పనికొచ్చినవాడి కారు పోతే కేసు ఊరి లెక్కలో పడుతుంది, ఆ మనిషి మాత్రం జనాభాలో ఉండడు. శివార్లను కలిపేసుకున్న నగరాల పక్కన దీన్ని నిలబెట్టడం అన్యాయం. ఇలా ర్యాంకులు కట్టొద్దని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది.

నేరాలు లేవనను, ఉన్నాయి. కానీ వీధికీ వీధికీ ఎంతో తేడా!

ఈ లెక్కంతా కాగితం మీద గీసి అమ్మకి ఫొటో పంపాను. కాసేపాగి అడిగింది: "అయితే వాడుండేది ఏ వీధిట?"