విశాఖ గాలిలో ఘాటు తగ్గింది, మరి దుమ్ము?

మా విశాఖ గాలి బాగుపడిందా, ఇంకా పాడైందా అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. రెండూ జరిగాయి మరి. మల్కాపురం వైపు వెళ్తే గొంతు పట్టేసే ఆ గంధకం ఘాటు నా చిన్నప్పుడు ఉన్నంతగా ఇప్పుడు లేదు. ఖనిజం కరిగించి జింకు తీసే ఫ్యాక్టరీ, అదే జింక్ స్మెల్టర్, మూతపడి పదేళ్లు దాటింది. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండ్ల పొగకీ ఇంధనానికీ పెట్టిన నిబంధనల దశలు. డీజిల్‌లో గంధకం బీఎస్-3 రోజుల్లో 350 పీపీఎం (పది లక్షల భాగాల్లో 350) దాకా ఉండేది, బీఎస్-4తో 50కి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక 10కి దిగింది. ఇది చిన్న మార్పేమీ కాదు.

దుమ్ము సంగతి వేరు. జ్ఞానాపురం, వన్‌టౌన్‌లలో పొద్దున్నే తడిగుడ్డ పెట్టిన ఇంట్లో సాయంత్రానికి అరికాళ్లు నల్లబడతాయి, కిటికీ ఊచ మీద వేలు రాస్తే మసిలా అంటుకుంటుంది, మా అమ్మ డాబా మీద వడియాలు పెట్టడం ఎప్పుడో మానేసి వేసవిలో పెందుర్తిలో పిన్ని వాళ్లింటికి వెళ్లి పెట్టుకొస్తోంది. ఇందులో పోర్టు బొగ్గుపొడి ఎంత, రోడ్డు దుమ్మెంత, లారీల పొగెంత అన్నది పేటపేటకీ తేల్చాలి. గాలిలో దుమ్ముకి చెప్పే లెక్క పీఎం10 అంటే 10 మైక్రాన్లలోపు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల బరువు మాత్రమే, సముద్రపు ఉప్పయినా బొగ్గుపొడయినా దానికి ఒకటే.

ఇంకోటి, జనవరిలో ఏక్యూఐ (గాలి ఎంత పాడైందో చెప్పే సూచీ) చూసి టెన్షన్ పడి, ఆగస్టులో చూసి హమ్మయ్య అనుకుంటారు చాలామంది. యారాడ కొండకీ సింహాచలం కొండలకీ మధ్య ఊరు గిన్నెలా ఉంటుంది. చలికాలం రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి పైకి లేవదు, దుమ్మంతా కిందే ఉండిపోతుంది. వానాకాలంలో అదే కడుక్కుపోతుంది. అందుకే జనవరిని జనవరితోనే పోల్చాలి, ఏడాది సగటుని ఏడాది సగటుతోనే చూడాలి. పీఎం10కి మన దేశంలో ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 15.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ కూడా ఉంది. 2017తో పోలిస్తే 2024కల్లా దుమ్ము 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నారు, తర్వాత దాన్ని 2026కి 40 శాతం చేశారు. సరే, కానీ ఆ తగ్గుదల ఎక్కడ కొలిచినది? చాలా ఏళ్లపాటు ఆన్‌లైన్‌లో గంటగంటకీ లెక్క చూపింది ఊరు మొత్తానికి గాలిని కొలిచే ఒక్క స్టేషనే. అక్కడ అంకె తగ్గినంత మాత్రాన కాన్వెంట్ జంక్షన్ పక్కన పెరిగే పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది తగ్గినట్టు కాదు. జ్ఞానాపురంలో ఒకటి, మల్కాపురంలో ఒకటి, గాజువాకలో ఒకటి స్టేషన్లు పెట్టి, ప్రతి ఏడాది సగటునీ వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో రాయించమని మన కార్పొరేటర్లని అడుగుదాం. మీ పేటలో ఎలా ఉందో కింద రాయండి.