కీన్స్‌లో మటన్ చాప్

శనివారం రాత్రి, హోటల్ గది.

పగలంతా చలిలో తిరుగుడే. రాక్‌ఫెల్లర్ సెంటర్ క్రిస్మస్ చెట్టు దగ్గర జనం అడుగు వెయ్యనివ్వలేదు. మేసీస్ అనే పెద్ద దుకాణం అద్దాల్లో బొమ్మలు చూసేసరికి అమ్మకి కాళ్లు పీకడం మొదలైంది. వాటి గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు. ఇవాళంతా సాయంత్రందే.

న్యూయార్క్ ముప్పై ఆరో వీధిలో కీన్స్ అనే స్టేక్‌హౌస్ ఉంది. 1885లో పెట్టింది. స్టేక్‌హౌస్ అంటే బీఫ్ అనే అనుకుంటాం, మా ఇంట్లో బీఫ్ తినరు. కానీ కీన్స్‌కి పేరు తెచ్చింది మటన్ చాప్, అంటే ఎముకతో సహా కోసి కాల్చిన మందపాటి ముక్క. 1935 నాటికే పది లక్షల చాప్‌లు వడ్డించారట. నాన్నని న్యూయార్క్‌లో ఒక్కచోటికే తీసుకెళ్లాలంటే ఇక్కడికే అని వాళ్ల టికెట్లు బుక్ చేసిన రోజే అనుకున్నాను. నెల్లూరులో ఆదివారం తెల్లారకముందే కొట్టు దగ్గర నిలబడి, వేలాడుతున్న పొట్టేళ్లని ఒక్కొక్కటే చూసి, "అది కాదు, దాని వెనకది దించు" అనే మనిషి ఆయన. అమెరికా వచ్చాక ఆయనకి తెలిసిన విద్యతో ఎవరికీ పని పడలేదు.

లోపలికి వెళ్లగానే తల పైకెత్తాల్సిందే. పైకప్పు నిండా పొగ తాగే సన్నటి పొడవాటి మట్టి పైపులు, వరసలు వరసలుగా. ఒకప్పుడు ఇక్కడి పైప్ క్లబ్ సభ్యులు తమ పైపుని ఇక్కడే వదిలి వెళ్లేవాళ్లు. భోంచేశాక నంబరు చెప్తే కుర్రాడు తెచ్చిచ్చేవాడు. ఐన్‌స్టీన్, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ పేర్లు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. అమ్మకి మాత్రం నేను చెప్పిన లిల్లీ లాంగ్‌ట్రీ కథ పట్టుకుంది. ఆడవాళ్లకి ప్రవేశం లేదంటే ఆ నటి 1905లో కోర్టుకెళ్లి గెలిచింది. "ఆవిడ కేసు వెయ్యబట్టే కదా ఇవాళ మనం ఇక్కడ కూర్చున్నాం" అంది అమ్మ, మళ్లీ పైకి చూస్తూ. శనివారం కాబట్టి తను మాంసం ముట్టదు. పాలకూర క్రీము, బంగాళాదుంపలు తెప్పించుకుంది, తృప్తిగా తింది.

చాప్ వచ్చింది. ముప్పావు కిలోకి కాస్త తక్కువేమో, ఎముకతో కలిపి. నాన్న కత్తీ ఫోర్కూ ముట్టుకోలేదు. ప్లేటు తనవైపు తిప్పుకున్నారు, కళ్లజోడు పెట్టుకున్నారు.

"నడుం ఇది. వెన్నుపూస మధ్యలో ఉంచి రెండు పక్కలూ కలిపి అడ్డంగా కోశారు. చూడమ్మా, ఈ లోపలి కండ ఎంత మెత్తగా ఉంటుందో! మనవాడు దీన్ని నాలుగు దెబ్బల్లో ముక్కలు చేసి కవర్లో పడేస్తాడు."

పక్కన నిలబడ్డ వెయిటర్ ఏమంటున్నారని అడిగాడు. మా ఆయన చెప్పారు. ఆ పెద్దాయన వంగి, ఎముక మీద వేలు చూపిస్తూ, నాన్న చెప్పింది సరిగ్గా అదేనని మొదలుపెట్టాడు. ఒకరిది నెల్లూరు తెలుగు, ఇంకొకరిది న్యూయార్క్ ఇంగ్లిష్. మధ్యలో మేం అనువదించింది సగమే, మిగతాది ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. నాన్న ముఖంలో ఆ వెలుగు చూసి నెల్లాళ్లు దాటింది. చలి, ఒంటరితనం, పొద్దుపోకపోవడం, అన్నీ ఆ కాసేపు లేవు.

కోశాక లోపల ఎర్రగా కనబడింది. "పచ్చిగా ఉందే" అన్నారు. అది రక్తం కాదు నాన్నా, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్, వేడి ఎక్కువైతే గోధుమరంగుకి తిరుగుతుంది అని చెప్పాను. వినీ విననట్టు అంచు నుంచి మొదలుపెట్టారు. అంచున కొవ్వు నిప్పుకి కరకరలాడుతోంది. కొంచెం కొంచెంగా లోపలికి వచ్చారు. ఎర్రటి భాగం దగ్గర ఒక్క క్షణం ఆగి, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "ఉప్పూ మిరియాలూ తప్ప ఏం లేవు. మాంసం మంచిదైతే ఇంకేం అక్కర్లేదన్నమాట."

నేను పూర్తిగా ఒప్పుకోను. మన ముదురు మాంసానికి అల్లం వెల్లుల్లి, ధనియాలు, సన్నసెగ మీద గంటసేపు ఉడుకు కావాలి. ఆ పులుసు రుచికి ఏదీ సాటిరాదు. కానీ ఇక్కడ పనితనమంతా పొయ్యి ఎక్కించకముందే, ఎంపికలోనూ కోతలోనూ ఉంది. అది నాన్న ఆదివారాలు చేసే పనే. ఆ పనికి ఇంత పెద్ద హోటల్లో ఇంత మర్యాద ఉందని ఆయన కళ్లారా చూడాలన్నదే నా కోరిక. ఖరీదు ఎక్కువే, టిప్పుతో కలిపితే మరీను. అయినా ఈ ఏడాది పెట్టిన ఖర్చుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

పుదీనా జెల్లీ మాత్రం ఎవరికీ నచ్చలేదు. తియ్యటి పచ్చడి మాంసంలోకేంటని అమ్మ తినకుండానే తీర్పు చెప్పేసింది.

సంక్రాంతికల్లా వాళ్లు నెల్లూరు చేరిపోతారు. గదికి వచ్చేదాకా టాక్సీలో నాన్న ఒకటే మాట: ఈసారి కనుమకి కొట్టు భాయ్‌కి ముందే ఫోన్ చేసి, నడుం ముక్క కొట్టకుండా ఇలాగే అడ్డంగా కోయించాలని.

"కోయించుకోండి. మరి గారెల్లోకి పులుసు దేంతో పెట్టను?" అంది అమ్మ.

"ఇంకో కిలో తెస్తాలే."