ఒసు సందు చివర కెలెవెలె

మొదట నాకు కోపం వచ్చింది డబ్బుల దగ్గరే. ఘనా రాజధాని అక్రాలో దిగిన రెండో రోజు మా మరిది సముద్రపు ఒడ్డున ఒక రెస్టారెంట్‌కి తీసుకెళ్ళాడు. మెనూలో కెలెవెలె అన్న పేరు చూసి ఇదేమిటని అడిగాను. "పండిన అరటి ముక్కలకి అల్లం, కారం పట్టించి వేయిస్తారు వదినగారూ. ఇక్కడ దాన్ని ఇష్టపడనివాళ్ళు ఉండరు" అన్నాడు. ఎనభై ఐదు సీడీలు. సీడీ అక్కడి డబ్బు, 2024 జనవరిలో అది మన ఏడు రూపాయలకి కాస్త తక్కువ. దగ్గర దగ్గర ఆరొందలు! తెల్లటి పింగాణీ పళ్ళెంలో పదకొండు ముక్కలు తెచ్చి పెట్టారు. చల్లారిపోయి ఉన్నాయి, పైన మిరప్పొడి చల్లారు. అల్లం వాసన కూడా లేదు. గెలలు కట్టుకున్న సైకిళ్ళు తెల్లవారుజామునే రావులపాలెం మార్కెట్‌కి బారులు తీరే దారి పక్కన పుట్టి పెరిగినదాన్ని. అరటిపండుకి అంత డబ్బు పెట్టడం ప్రాణం మీదకి వచ్చినట్టే అనిపించింది.

"ఇది కాదక్కా అసలుది. చీకటి పడనీ, మా సందు చివరికి తీసుకెళ్తా" అంది చెల్లెలు.

మరిదికి అది ఇష్టం లేదు. బయట నూనె, బయట నీళ్ళు, కడుపు పాడైతే ఇక్కడ ఎవరు చూస్తారని అతని భయం. ఆ భయంలో ప్రేమే ఉంది, కాదనను. కానీ ముంబై నుంచి అడిస్ అబాబా మీదుగా అంత దూరం వచ్చింది చెల్లెలింట్లో సాంబారు తినడానికా? ఎల్లో ఫీవర్ సూది, ఆ పసుపుపచ్చ కార్డు కోసం తిరుగుళ్ళు వెళ్ళినవాళ్ళకి తెలిసినవే. అన్నీ దాటుకుని వచ్చాక సందు చివరిదాకా వెళ్ళడానికి వెనకాడాలా?

చెల్లెలు వాళ్ళుండేది అక్రాలోని ఒసు పేటలో. పొద్దున మకోలా మార్కెట్‌కి పోయి ట్రోట్రోలో తిరిగొచ్చాం. ట్రోట్రో అంటే మన సెవెన్ సీటర్ ఆటోకి పెద్దన్న లాంటి పాత వ్యాను. కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ మేట్, అంటే కండక్టరు, "సర్క్ సర్క్ సర్క్" అని అరుస్తుంటాడు, సర్కిల్ అనే కూడలికి వెళ్తోందని. రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు నోరు విప్పరు. వేలు కిందికి చూపించి గుండ్రంగా తిప్పితే సర్కిల్‌కని వాడికి తెలిసిపోతుంది. 'ట్రో' అంటే అక్రా స్థానికుల 'గా' భాషలో మూడు పెన్నీలట, ఒకప్పటి చార్జీ. పేరు మిగిలింది గానీ ఆ ధర ఏనాడో పోయిందని పక్కన కూర్చున్న పెద్దావిడ బాధపడింది. సీడీ విలువ పడిపోయిన దగ్గర్నుంచి టమాటా, నూనె, చార్జీ అన్నీ ఎలా పెరిగాయో దిగేదాకా చెబుతూనే ఉంది. మన బస్సుల్లో వినే మాటలే. ఇంగ్లీషులో విన్నాను, అంతే.

ఆ వారమంతా హర్మటాన్. సహారా వైపు నుంచి పొడిగాలి దుమ్ముని మోసుకొస్తుంది. సూర్యుడు పలచటి మజ్జిగలో పడ్డ పసుపులా కనిపిస్తాడు. నా పెదవులు పగిలిపోయాయి. ఆ పెదవులతోనే సాయంత్రం ఏడు దాటాక సందు చివరికి నడిచాను.

బల్ల కనిపించక ముందే అల్లం ఘాటు ముక్కుకి తగిలింది. వెనకే లవంగం. దాని వెనక కాలిన బెల్లం లాంటి తీపి. బొగ్గుల పొయ్యి మీద ఇంత పెద్ద ఇనప మూకుడు, పక్కన స్టీలు బేసిన్ నిండా ఎర్రగా తడిసిన ముక్కలు, వేరే గంపలో వేయించిన వేరుశనగపప్పు. పొయ్యి వెనక నిలబడ్డావిడకి యాభై ఏళ్ళుంటాయేమో. అక్కడ పెద్ద ఆడవాళ్ళని అందరూ ఆంటీ అంటారు, నేనూ ఆంటీ అన్నాను. వీధుల్లో కెలెవెలె పగలు పెద్దగా దొరకదు. చీకటి పడ్డాకే ఈ పొయ్యిలు వెలుగుతాయి. అక్రా 'గా' జనం ఊరు, ఇది వాళ్ళ వీధుల్లో పుట్టిన రుచే అంటారు.

పది సీడీలకి పాత న్యూస్ పేపర్లో పొట్లం, మీద గుప్పెడు పప్పు. మన పకోడీ పొట్లమే. ఒక చేతిలో పొట్లం, రెండో చేతిలో డబ్బులు. గమనించుకోకుండా ఎడమచేత్తో నోటు చాపాను. ఆవిడ తీసుకోలేదు. ఏమీ అనలేదు, నా చేతి వంక చూసి ఆగింది. చిన్నప్పుడు మా నాయనమ్మ కూడా అచ్చం అలాగే ఆగేది. సిగ్గేసింది. పొట్లం ఎడమచేతికి మార్చి కుడిచేత్తో ఇచ్చాను. అప్పుడు తీసుకుని నవ్వింది.

మొదటి ముక్క పెదవి పగులుకి తగిలి చురుక్కుమంది. తర్వాత పైన కరకర, లోపల మెత్తన, తీపి. ఆ తీపి గొంతు దాటాక గానీ కారం రాదు. మనకి అరటికాయ వేరు, అరటిపండు వేరు. కాయకి కారం, పండుకి దేవుడి పళ్ళెం. బొంత కాయని బజ్జీ వేస్తాం, ఆవ పెట్టి కూర చేస్తాం. చక్రకేళి, అమృతపాణి వలుచుకుని తింటాం. ఈ రెంటి మధ్య గోడని దాటించిన ముక్క నేను అంతవరకూ తినలేదు. అరటి పుట్టిల్లు ఆగ్నేయాసియా, న్యూగినీ వైపు. ఎన్ని వందల ఏళ్ళ క్రితమో సముద్రం దాటి ఆఫ్రికా చేరింది. ఆ పిలక మా లంకలోనూ నాటుకుంది, వీళ్ళ అడవిలోనూ నాటుకుంది. మా ఇంట్లో ఎవరికీ తట్టని రుచి వీళ్ళకి తట్టింది.

అప్పట్నుంచి రోజూ వెళ్ళాను. మధ్యలో కేప్ కోస్ట్, ఎల్మినా కోటలు చూశాను. ఎల్మినాది 1482లో పోర్చుగీసువాళ్ళు కట్టింది. మనుషుల్ని గొలుసులతో పడవలెక్కించిన ఆ గుమ్మాల ముందు నిలబడ్డాక మాట రాలేదు. వాటి గురించి వేరేగా రాయాలి. తిండి మాటల మధ్య కలిపి రాయలేను.

ఇరవై రెండో తారీకు, సోమవారం. ఆంటీ పొయ్యి పక్కన ఒక చిన్న బీరు స్పాట్ ఉంది, బయట టీవీ పెట్టారు. ఐవరీ కోస్ట్‌లో ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్పు జరుగుతోంది. ఘనా మొదటి ఆటలో కేప్ వెర్డే చేతిలో ఓడింది, ఈజిప్టుతో 2-2. ఆ రాత్రి మొజాంబిక్ మీద గెలిచి తీరాలి. నేను ఆరున్నరకే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. నా ఆసక్తి ఆటలో కాదు, ముక్కలు ఎలా కోస్తుందో చూడాలని.

గోనెసంచి మీద పళ్ళు గుట్టపోసి ఉన్నాయి. ఒక్కోటి మూరెడు కాకపోయినా జానెడు దాటిన పొడవు. ఒక్కో పండునీ తీసి బొటనవేలితో మెడ దగ్గర, నడుం దగ్గర నొక్కుతుంది. పచ్చగా ఉన్నది పక్కకి. పూర్తిగా నల్లబడి రసం ఓడుతున్నది ఇంకో పక్కకి. అది పిండిలో కలిపి తతలె అట్లు పోసేవాళ్ళకి వెళ్తుందట. పసుపు మీద సగానికి సగం నల్లటి మచ్చలు పరుచుకుని, వేలు దిగబడకుండా లొంగేది మాత్రమే మూకుడులోకి. నా కంటికి బాగానే కనిపించిన ఒక పండుని చూపించి ఇది కోయవేం అన్నాను. నొక్కి, చెయ్యి అడ్డంగా ఊపి, "టుమారో" అంది. దాన్ని సంచిలో పెట్టేసింది.

నాకు ఒళ్ళు జలదరించింది. మా నాన్న పొగ పెట్టిన గదిలోంచి అత్తాలు తీసి ఇలాగే నొక్కేవాడు. ఇవి ఇవాళ మార్కెట్‌కి, ఇవి రేపటికి. కానీ ఆంటీ ఏరి ఏరి తీసుకుంటున్న ఆ మచ్చలపండు మా ఇంట్లో గేదెల కుడితిలోకి పోయేది. పండు బాగా ముగ్గేసరికి మా లెక్కలో దాని కథ అయిపోయేది. ఇక్కడ అప్పుడే మొదలవుతోంది.

చాకు మొనతో తొక్క మీద పొడుగునా ఒక గీత. బొటనవేలు దూర్చి తెరిస్తే తొక్క ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. పండుని నిలువుగా చీల్చి, తర్వాత ఏటవాలుగా కోస్తుంది. ముక్క మూలలు సన్నగా ఉంటాయి కాబట్టి అవే ముందు కరకరలాడతాయని చెప్పింది. ఆవిడ సాయానికి ఉన్న కుర్రాడు అసంకలో నూరుతున్నాడు. లోపల గరుకు గీతలున్న మట్టి చిప్ప అది. అల్లం, ఉల్లిపాయ, క్పాక్పో షితో అనే చిన్న గుండ్రటి పచ్చిమిరప, లవంగాలు, సోంపు లాంటి గింజలు, ఉప్పు. ఇంకోటి కూడా వేశాడు, నేను ఎప్పుడూ చూడనిది. వేలిలో సగమంత పొడవున్న నల్లటి ఎండు కాయ, గింజ ఉన్నచోటల్లా కణుపులు. హ్వెంటియా అన్నారు. వాసన చూస్తే మిరియం, పొగ కలిసినట్టుంది. ఎంతెంత వేయాలని అడిగితే ఆంటీ తన అరచెయ్యి చూపించింది.

నూనెలో వేశాక వెంటనే కదపదు. పండు మెత్తనిది కదా, చెదిరిపోతుంది. అంచులు ఎర్రబడ్డాకే చిల్లుల గరిటె పెడుతుంది. తీసేటప్పటి రంగు పాకం ముదురుతున్న బెల్లం రంగు.

ఎనిమిదింటికి ఆట మొదలైంది. పావుగంటకి ఘనా ఆటగాడు జోర్డాన్ అయూ పెనాల్టీ గోలు. సందంతా ఊగిపోయింది. సెకండాఫ్‌లో అతనిదే ఇంకో పెనాల్టీ, 2-0. అందరూ పొట్లాలు కొన్నారు. నాకు ఎవరో ఇంకో పొట్లం కొనిచ్చారు, డబ్బులు తీసుకోనన్నారు. తొంభై నిమిషాలు అయిపోయాయి. అదనపు సమయంలో మొజాంబిక్‌కి పెనాల్టీ, 2-1. సరే, ఇంకెంతసేపు? కార్నర్ కిక్, హెడర్, 2-2.

అంతమంది జనం ఒక్కసారి మూగబోవడం నేను అంతకుముందు చూడలేదు. మూకుడులో నూనె చిటపటలు మాత్రమే వినిపించాయి. కుర్రాడు గరిటె పట్టుకుని టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు. ముక్కలు నల్లబడిపోయాయి. ఆంటీ వాణ్ణి తిట్టలేదు. గరిటె తీసుకుని వాయంతా దేవి, అమ్మకుండా పక్కన పారబోసి, కొత్త ముక్కలు వేసింది.

నా పక్కనున్న యువకుడు తలపట్టుకుని "చాలే... చాలే..." అంటున్నాడు. అక్రాలో 'చాలే' అంటే నేస్తం, ప్రతి మాటకీ ముందు వచ్చేది అదే. ఆ రాత్రి అది నాకు తెలుగులోనే వినపడింది. ఇంక చాలు, తట్టుకోలేను అన్నట్టు. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. కొత్త వాయ దిగాక ఒక్కొక్కరే వచ్చి కొనుక్కుని, నిలబడి, మాట్లాడకుండా తిన్నారు. నేనూ తిన్నాను. మర్నాడు కోచ్‌ని తీసేశారు.

తిరిగొచ్చాక హైదరాబాద్‌లో చేశాను. మొదటిసారి బొంత కాయల్ని ముగ్గబెట్టి చేస్తే ముక్కలు నూనె తాగి ముద్దయ్యాయి. అరటిని తెలిసినదాన్ని కాబట్టి ఆ తప్పు నన్ను బాగా బాధపెట్టింది. బొంత జాతే వేరు. పశ్చిమాఫ్రికాలో వాడే ప్లాంటెయిన్ అరటికి దగ్గరి చుట్టం మనవైపు కేరళ నేంద్రం. మలయాళీ దుకాణంలో కిలో తొంభై చెప్పాడు, బేరం లేదు. తెచ్చి, మచ్చలు పరుచుకునేదాకా ఆరు రోజులు ఆగాను. మూడు పళ్ళకి రెండంగుళాల అల్లం, సగం ఉల్లిపాయ, నాలుగు ఎండుమిరపకాయలు, మూడు లవంగాలు, అరచెంచా సోంపు, ఉప్పు, నీళ్ళు తగలకుండా నూరాను. చెల్లెలు పొట్లం కట్టిచ్చిన హ్వెంటియా కాయలు రెండు వేశాను. అవి లేనివాళ్ళు నాలుగు మిరియాలు వేసుకోండి, ఆ పొగ వాసన ఒక్కటే తక్కువవుతుంది. పట్టించి ఇరవై నిమిషాలు ఉంచాను, ఎక్కువ ఉంచితే నీరు ఊరుతుంది. శనగపిండి, మైదా లాంటివేమీ వద్దు. నూనె బాగా కాగాలి, మూకుడు నింపకూడదు. పండులో తీపి ఉంది కాబట్టి చూస్తుండగానే మాడుతుంది, పక్కకి చూడకూడదు.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. ఎనభై ఒకటి. పేపరు ముక్కలో వేసి, పప్పు చల్లి చేతికిచ్చాను. అరటిపండుకి అల్లమేమిటే అని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు. పొట్లం అయ్యేదాకా మాట్లాడలేదు.

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు మీద నేను మిగిల్చిన రెండు పళ్ళున్నాయి. రెంటినీ మెడ దగ్గర, నడుం దగ్గర బొటనవేలితో నొక్కాడు. ఒకటి నా చేతికిచ్చి, రెండోదాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"ఇది రేపటికి" అన్నాడు.