1600 మీటర్ల కోసం వంట సోడా తాగిన నా అనుభవం

కానిస్టేబుల్ ఈవెంట్స్ (ఫిజికల్ టెస్టులు) కి ప్రిపేర్ అయ్యేవాళ్ళకి తెలిసిందే, 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు కొట్టాలి, ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. నాకు మూడు రౌండ్ల దాకా ఇబ్బంది లేదు, నాలుగోది మొదలయ్యేసరికి తొడల్లో ఒకటే మంట, ఊపిరి బాగానే ఉంటది గానీ కాలు లేవదు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో మాతో ప్రాక్టీస్ చేసే పిలకాయల్లో ఒకడు పరుగుకి ముందు ఎసిడిటీ మందు జెలుసిల్ తాగేవాడు, ఏందిరా ఇది అంటే యాసిడ్ తగ్గుద్ది కదన్నా అన్నాడు. అప్పుడు పట్టుకున్నా ఈ సంగతి.

వాడు చెప్పింది సగమే కరెక్టు. గట్టిగా పరిగెత్తితే కండరంలో హైడ్రోజన్ అయాన్లు (యాసిడ్ అంటే ఇవే) పేరుకుంటాయి, రక్తంలో బైకార్బొనేట్ (వంట సోడాలో ఉండేదే) ఎక్కువుంటే అవి తొందరగా బయటికొచ్చేస్తాయి. (మంటకి కారణం లాక్టిక్ యాసిడ్ అని అందరూ తిట్టే లాక్టేట్ పాపం ఇంధనమే.) కానీ జెలుసిల్ లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ల పని పొట్టలోనే అయిపోద్ది, రక్తం దాకా పోదు. ఈనో ప్యాకెట్ లో సోడా రెండు గ్రాముల పైచిలుకే, అదీ నీళ్ళలో వేయంగానే చాలావరకు గ్యాస్ కింద పొంగిపోద్ది. మిగిలింది కిరాణా కొట్లో దొరికే మామూలు వంట సోడానే.

లెక్క ఏందంటే కేజీ బరువుకి 0.3 గ్రాములు, నాది 65 కేజీలు కాబట్టి దగ్గర దగ్గర 20 గ్రాములు, నాలుగు టీస్పూన్లు! ఒక్కసారే తాగితే స్టేడియం బదులు బాత్రూమ్ చుట్టూ రౌండ్లు కొట్టాలి. అందుకే 0.1 తో మొదలుపెట్టి మెల్లగా 0.2 దాకా, అంటే 13 గ్రాముల దాకా పోయి అక్కడే ఆగినా. రెండు ఇడ్లీలు తిని, సోడాని కొంచెం కొంచెంగా ఎక్కువ నీళ్ళతో తాగి, గంటన్నర ఆగి పరిగెత్తేవాణ్ణి. త్రేన్పులు వస్తానే ఉంటాయి, రుచి గురించి అడగొద్దు. లాస్ట్ రౌండ్ లో మాత్రం మంట లేటుగా మొదలయ్యేది, తేడా అంటే కొన్ని సెకన్లు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. ఇంకోటి, 13 గ్రాముల సోడాలో సోడియమే మూడున్నర గ్రాములుంటది, డబ్ల్యూహెచ్ఓ వాళ్ళు రోజు మొత్తానికి 2 గ్రాముల్లోపే అంటున్నారు, మన ఊరగాయలు దీనికి అదనం. బీపీ, కిడ్నీ ప్రాబ్లం ఉన్నోళ్ళు దీని జోలికే పోవద్దు, నేను కూడా టైమ్ చూసుకునే రోజుల్లోనే తాగేవాణ్ణి.

అసలు చిక్కు ఈవెంట్స్ రోజే. పొద్దున్నే లైన్లో నిలబెడతారు, సర్టిఫికెట్లు, ఎత్తు, ఛాతీ కొలతలు, రన్నింగ్ కి ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలవదు, అట్టాంటప్పుడు గంటన్నర ముందు సోడా ఎట్టా తాగేది? అందుకని కొన్ని వారాల ముందు నుంచే బీటా అలనైన్ అనే అమైనో యాసిడ్ సప్లిమెంట్ మొదలుపెట్టినా. అది కండరంలో కార్నోసిన్ పెంచుద్ది, ఆ కార్నోసిన్ కండరం లోపలే యాసిడ్ ని అదుపు చేస్తది, రోజుకి 4 నుంచి 6 గ్రాములు, ఏ టైమ్ లో వేసుకున్నా పర్లేదు. ఒకేసారి ఎక్కువ వేసుకుంటే మొహం, చేతులు చిమచిమలాడతాయి, రోజులో మూడు నాలుగు సార్లుగా వేసుకుంటే తగ్గుద్ది.

ఆ రోజు సోడా తాగలా, 1600 టైమ్ మిగిలుండంగానే అయిపోయింది. 100 మీటర్లు మాత్రం 15 సెకన్లకి అంచు మీద బయటపడ్డా, దానికి సోడా అయినా బీటా అలనైన్ అయినా పెద్దగా పనికిరావు, అంత చిన్న పరుగులో యాసిడ్ పేరుకోడానికి టైమే చాలదు.