బడికి కొత్త చాప్లెయిన్ వస్తున్నారా? ముందే తేల్చుకోవాల్సినవి

లూథరన్ బడికి (మార్టిన్ లూథరు బాటలోని ప్రొటెస్టెంట్ సంఘం నడిపే బడికి) కొత్త చాప్లెయిన్, అంటే పిల్లల ప్రార్థనలూ బాధలూ చూసుకునే పాదిరి, వస్తున్నారంటే అందరి ధ్యాసా నియామక ఆరాధన మీదే ఉంటుంది. నిజానికి అది చిన్న పని. పాదిరిగా ప్రతిష్ఠించే ఆర్డినేషన్ ఒక్కసారే, చోటు మారినప్పుడల్లా మళ్లీ చెయ్యరు. బడిలో జరిగేది నియామకం మాత్రమే: ప్రశ్నలు, ఆయన ఇచ్చే మాట, ప్రార్థన, ఆశీర్వాదం. ముప్పావు గంట చాలు. శ్రమ పెట్టాల్సింది ఆయన పనేమిటో కాగితం మీద రాయడంలో. రాయకపోతే దసరా నాటికి ఆయన సెలవు పెట్టిన టీచర్ల క్లాసులు చూస్తూ, ఫీజు బకాయిల కోసం ఫోన్లు చేస్తూ కనబడతారు. ఫీజు అడిగిన మనిషి దగ్గరికి ఆ ఇంటి పిల్ల తన బాధ చెప్పుకోవడానికి రాదు. అందుకే ఫీజుల పని ఆయనకు అస్సలు అప్పగించకూడదు.

1842లో అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ అడుగుపెట్టిన గుంటూరు వైపు లూథరన్ సంఘాలు తరతరాలుగా పాతుకుపోయాయి. మన తెలంగాణలో అలా కాదు. నల్లగొండలో బాప్టిస్టు సంఘాలు, పాలమూరు వైపు మెన్నొనైట్ బ్రెదరన్ సంఘాలు పాతవి. కాథలిక్కులూ ఉన్నారు. ఇక హిందూ, ముస్లిం పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. గుంటూరు అలవాట్లతో వచ్చిన చాప్లెయిన్ తడబడేది ఇక్కడే.

ఉదాహరణకు, నాలుగో ఆజ్ఞ ఏమిటని అడిగారనుకోండి. లూథరు చిన్న కాటికిజం (విశ్వాసం నేర్పే ప్రశ్నోత్తరాల పుస్తకం) నేర్చిన పిల్ల "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" అంటుంది. పక్కన కూర్చున్న బాప్టిస్టు పిల్లాడు విశ్రాంతి దినం అంటాడు. ఇద్దరిదీ సరైన జవాబే. లూథరన్లు, కాథలిక్కులు విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలోనే కలిపేసి, చివర ఆశించవద్దన్నదాన్ని రెండు ఆజ్ఞలుగా లెక్కిస్తారు. బాప్టిస్టులు, మెన్నొనైట్లు విగ్రహాలది రెండో ఆజ్ఞగా చూస్తారు కాబట్టి అక్కణ్ణుంచి అంకె ఒకటి జరుగుతుంది. ఇది తెలియకుండా "తప్పు, కూర్చో" అంటే సాయంత్రానికి ఇంట్లో, ఆదివారానికి వాళ్ల పాస్టరయ్యగారి దగ్గర పంచాయితీ. కాబట్టి అంకె అడగొద్దు, ఆజ్ఞ చెప్పించి అర్థం అడగండి.

బాప్తిస్మం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. లూథరన్లు పసిబిడ్డలకూ ఇస్తారు. బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రెదరన్ సంఘాల్లో విశ్వాసం ఒప్పుకున్నాకే, నీళ్లలో ముంచి ఇస్తారు. అసెంబ్లీలో "బాప్తిస్మం అయినోళ్లు చేతులెత్తండి" అనడం పిల్లల్ని అందరి ముందూ రెండు గుంపులు చెయ్యడమే.

సమ్మతి పత్రం సంగతి జూన్‌లోనే చూసుకోవాలి. ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న బడిలో మైనర్ పిల్లలు మతబోధకో ఆరాధనకో రావాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతుంది. పాలమూరు నుంచి వలసపోయే తల్లిదండ్రులు తర్వాత దొరకరు. ముంబైలో పనిలో ఉంటారు, ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంటుంది. అడ్మిషన్ రోజే కాగితం చదివి వినిపించి సంతకం తీసుకోండి. వద్దన్నవాళ్ల పిల్లలకు ఆ సమయంలో లైబ్రరీలో చోటివ్వాలి, వరండాలో నిలబెట్టకూడదు.

ఉదయం ప్రార్థన పది నిమిషాలు. ఒక పాట, నాలుగైదు వచనాలు, మూడు నిమిషాల మాట, ప్రభువు ప్రార్థన. అంతే. మార్చి నడుమ ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షలు శ్రమకాలం (ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాలు) మీదే వచ్చిపడతాయి కాబట్టి ఆ నెల కొత్త కార్యక్రమాలేవీ పెట్టుకోవద్దు.

చాప్లెయిన్ గది తలుపుకు అద్దం ఉండాలి, మాట బయటికి వినబడకూడదు, మనిషి మాత్రం బయటికి కనబడాలి. కుర్చీలు ఏటవాలుగా వెయ్యండి, నడుమ బల్ల వద్దు. పిల్ల "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి అయ్యగారూ" అంటే ఒట్టు వెయ్యకూడదు. మొదటి రోజే ఇలా చెప్పి ఉంచాలి: "నువ్వు చెప్పింది నలుగుర్ల పెట్ట బిడ్డా. కానీ నీకెవరన్న కీడు చేస్తున్నరంటే మాత్రం ఊకోను, సాయం చేసేటోళ్లకు చెప్త." లైంగిక వేధింపు అని తెలిసినా, అనుమానం బలంగా ఉన్నా పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాలి. ప్రిన్సిపాల్ చెవిన వేసి ఊరుకుంటే ఆ బాధ్యత తీరదు. అప్పుడు పిల్లను మళ్లీ మళ్లీ అడిగి సంగతంతా రాబట్టే పని పెట్టుకోవద్దు. ఆమె అన్న మాటల్ని అన్నట్టే రాసి, తేదీ వేసి, అదే రోజు స్టేషన్‌కు చేర్చాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చెయ్యొచ్చు.