పడమటి ఎండ, నల్లబండ, మూడు వేల రూపాయలు

పోయిన ఏడాది ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికని పోరుమామిళ్ల నుంచి వచ్చిన మా పెద్దమ్మ, సాయంత్రం ఆరున్నరకు మా వసారాలో కూర్చోబోయి చప్పున లేచి నిలబడింది. పొద్దు వాలినా బండ కాలుతూనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఫ్యాను కింద కూర్చుంది. ఇంటికి వచ్చిన పెద్దమనిషిని ముందు వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వలేకపోయానే అన్న బాధ నాకు ఏడాదంతా పోలేదు.

మేముండేది కడపలో ఒక పాత వీధిలో, అద్దె ఇంట్లో. వసారా పద్నాలుగు అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండు స్తంభాలు, పడమటి ముఖం. నేలంతా నల్ల కడప బండ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చే ఈ బండకు నీడ దొరికితే అంత చల్లని నేల ఇంకొకటి లేదు. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు గుంకేదాకా ఎండ తగిలితే మాత్రం వేడినంతా తాగి, రాత్రి తొమ్మిదిదాకా కక్కుతుంది. ఈసారి శ్రీరామనవమి లోపల ఈ వసారాను మనుషులు కూర్చునేలా, చూడముచ్చటగా చేయాలనుకున్నాను. చేతిలో ఉన్నది మూడు వేలు.

అందులో 700 రూపాయలు మొదటి వారమే వృథా అయ్యాయి. ప్లాస్టిక్ పూలదండలు, రంగురంగుల కాగితపు బుట్టలు కొని స్తంభాలకు కట్టాను. పది రోజుల్లో గులాబీ రంగు తెల్లబారింది, దండలు పెళుసెక్కి ముట్టుకుంటే రాలాయి. అప్పుడు తెలిసింది, మా ఊళ్లో వేసవి అలంకరణ నీడతో మొదలుకావాలని. నీడ లేని చోట ఏది పెట్టినా ఎండ తినేస్తుంది.

నర్సరీలకు కట్టే పచ్చ వల వ్యవసాయ సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. యాభై శాతం నీడ ఇచ్చేది, డెబ్బై ఐదు శాతం ఇచ్చేది అని రెండు రకాలు చూపించారు. పడమటి ఎండకు రెండోదే తీసుకున్నాను. మూడు మీటర్ల వెడల్పున్న వల నాలుగున్నర మీటర్లకు 560 రూపాయలైంది. మొదటిసారి దాన్ని స్తంభాల మధ్య బిగించి, చూరు నుంచి నేలదాకా గోడలా కట్టాను. మూడో రోజు రాత్రి ఈదురుగాలి లేచింది. తెల్లవారి చూస్తే తాడు కట్టిన చోటల్లా వల చిరిగి వేలాడుతోంది. గాలికి దారి వదలకపోవడం నా తప్పు. రెండోసారి చిరిగిన అంచులు కత్తిరించి, పైన ఒకటి, కింద ఒకటి వెదురుబొంగు పెట్టి, అంచును రెండు మడతలు చుట్టి కుట్టాను. పై బొంగును చూరుకు కట్టి, కింది బొంగును వాకిట్లోకి మూడడుగులు ముందుకు లాగి, బరువైన రాళ్లకు తాడుతో కట్టాను. నేలకూ వలకూ మధ్య రెండడుగుల సందు ఉంచాను. అద్దె ఇల్లు కాబట్టి ఎక్కడా ఒక్క మేకు కూడా కొట్టలేదు. గాలి వచ్చేలా ఉంటే కింది బొంగు విప్పి చాపలా పైకి చుట్టేస్తాను. ఎండను బండ మీద పడకముందే ఆపాలి. అందుకే వల స్తంభాలకు బయటి వైపే ఉండాలి. లోపలి వైపు కడితే అంచు బండలు మళ్లీ కాలతాయి.

ఇక గోడ. పాత సున్నం పెచ్చులూడిపోయి ఉంది. రంగు వేయిస్తే నా డబ్బంతా కూలికే చాలదు. ఎదురింటి పెద్దాయన ఒకప్పుడు సున్నాలు కొట్టినవారు. ‘‘రంగెందుకమ్మా, పాత సున్నం గోడకు సున్నమే పట్టుకుంటుంది’’ అన్నారు. ఆయన చెప్పినట్టే ఐదు కిలోల కాల్చిన సున్నపురాయి తెచ్చి, ఇనుప బకెట్లో ముందు నీళ్లు పోసి, తర్వాత రాళ్లు కొద్దికొద్దిగా వేశాను. రాయి మీద నీళ్లు కుమ్మరిస్తే ఎగిరి కళ్లలో పడుతుందట. అన్నం ఉడుకుతున్నట్టు కుతకుతలాడి, బకెట్టు చెవులు కూడా పట్టుకోలేనంత వేడెక్కింది. ప్లాస్టిక్ బకెట్టు వద్దని ఆయన ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. రాత్రంతా నాననిచ్చి, పాత పంచెతో వడగట్టి, నానబెట్టిన తుమ్మజిగురు, గుప్పెడు ఉప్పు కలిపాను. పలచని మజ్జిగలా ఉండాలి, చిక్కగా వేస్తే పెచ్చులు లేస్తుంది. గోడను తడిపి, పొద్దున ఏడు లోపలే ఒక పూత వేశాను. వేస్తున్నప్పుడు గోడ బూడిద రంగు నీళ్లు కారుతూ అసహ్యంగా కనబడింది. కళ్లనీళ్లొకటే తక్కువ. మధ్యాహ్నం వంట ముగించుకుని వచ్చి చూస్తే, ఆరినంత మేర పాలు పోసినట్టు తెల్లబడుతూ వస్తోంది. మర్నాడు రెండో పూత అడ్డంగా వేసి, అడుగున జానెడు ఎర్రమన్ను పట్టీ తీర్చాను. ఆ ఎరుపు మీద తెల్లటి ముగ్గు గీతలు. వసారాకు అందం ఆ పూటే వచ్చేసింది.

మొక్కలకు పెద్దగా ఖర్చు పెట్టలేదు. కలబంద, చాగనార పిలకలు పక్కింటివాళ్లు ఇచ్చారు. అవి నీడలో, స్తంభాల పక్కన పెట్టాను. నాచుపూల కొమ్మలు తుంచి గుచ్చితే చాలు, బతుకుతాయి. కానీ నీడలో పూయవు. వాటినీ బిళ్ళగన్నేరునూ వల బయట, వాకిట్లో పెట్టాను. నూనె డబ్బాలకు అడుగున చిల్లులు కొట్టి వాడాను. రేకు డబ్బా ఎండకు కాగి వేళ్లను ఉడికించేస్తుంది కాబట్టి ఒక్కోదానికీ గోనెపట్టా చుట్టి పురికొసతో కట్టాను. బియ్యం కడిగిన నీళ్లే వాటికి పోస్తున్నాను. వేసవిలో మాకు కుళాయి నీళ్లు ఎన్ని వస్తాయన్నది ఏ రోజుకారోజే.

మిగిలిన డబ్బుతో అటక మీది మంచానికి నవారు అల్లించాను. ఒక వెదురు బుట్ట బోర్లించి పసుపు బల్బుకు గొడుగు చేశాను. మూలన ఇసుక మీద మట్టికుండ. ఊరి నుంచి తెచ్చిన జొన్న కంకులు గుత్తిగా కట్టి చూరుకు వేలాడదీశాను. మొత్తం లెక్క చూస్తే 2,890 రూపాయలు.

పెద్దమ్మ ఈసారి కూడా వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఒక్క బకెట్టు నీళ్లు బండ మీద చిలకరించి తుడిచాను. నిరుడు బకెట్లకు బకెట్లు పోసినా ఆవిరయ్యేదే తప్ప చల్లబడేది కాదు. ఆమె మంచం వైపు చూడనైనా చూడకుండా నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కుండలో నీళ్లు తాగి, అరిచేత్తో బండను అటూ ఇటూ రాసింది. ‘‘ఇక్కడే చాప వెయ్యి అమ్మాయీ, కల్యాణం చూసి వచ్చాక ఇక్కడే పడుకుంటాను’’ అంది. ఒంటిమిట్ట మాకు పాతిక కిలోమీటర్లే. వెన్నెల్లో కల్యాణం చూసుకుని వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. వల పైకి చుట్టేశాను. ఆమె తెల్లారిందాకా అక్కడే పడుకుంది, కంకుల మీద పిచ్చుకల గొడవకు లేచేదాకా. రెండు రోజుల్లో అవి కంకులను ఊడ్చేశాయి. వచ్చే ఆదివారం ఊరికి వెళ్లి ఇంకో గుత్తి తేవాలి.