పదమూడో ఎక్కం చెప్పగలిగినంత వేగం

బూటు లేసు కట్టుకోవడానికి వంగితే ఊపిరి ఆడేది కాదు. ఒక కాలిది కట్టి, లేచి నిలబడి, రెండుసార్లు గాలి పీల్చుకుని, మళ్ళీ వంగి రెండో కాలిది కట్టేదాన్ని. అప్పుడు నా బరువు 92 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, వయసు 43. బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువు చూసే కొలత, లెక్కేస్తే 32.6 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 30 నుంచి స్థూలకాయమే. పదహారు నెలలు గడిచాయి. మొన్న ఆదివారం 10 కిలోమీటర్ల పరుగు పూర్తిచేశాను. ఇప్పుడు బరువు 76. మధ్యలో ఏం చేశావని ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళు అడిగారు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, అందుకని రాస్తున్నాను.

ముందు, కుదరని సంగతి. మూడేళ్ళ క్రితం కూడా ఒకసారి మొదలుపెట్టాను. పరుగంటే నాకు తెలిసింది బళ్ళో పరుగుపందెమే. బయటికి వెళ్ళగానే ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తేదాన్ని. రెండు నిమిషాలకి గుండె గొంతులోకి వచ్చినట్టయ్యేది. ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగర్చి, మళ్ళీ అదే పని. మూడో వారానికి మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే కళ్ళనీళ్ళు తిరిగేవి. షిన్ స్ప్లింట్స్ అన్నారు. చూపించుకున్న చోట చెప్పిన మాట ఇది: "ముందు బరువు తగ్గండి, పరుగు సంగతి తర్వాత చూద్దాం." ఎలా తగ్గాలో చెప్పలేదు, కనీసం ఎంత నడవచ్చో చెప్పలేదు. ఆ ఒక్క మాట నన్ను రెండేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టింది. ఈ లోపు ఇంకో 6 కిలోలు పెరిగాను. లావుగా ఉన్నవాళ్ళకి ఆ మాట చెప్పి పంపించేయడం తప్పని ఇప్పటికీ అనుకుంటాను.

రెండోసారి మొదలుపెట్టే ముందు ఇంకో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను మెట్టు అంచున ముందుపాదం మీద నిలబెట్టి, ఒంటికాలితో మడమ ఎన్నిసార్లు ఎత్తగలనో చూశారు. కుడికాలితో ఏడు, ఎడమతో నాలుగు. "పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ మీ బరువుకి రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుందండీ. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటు పడిపోతాయి. ఎముకలకీ, కండరాన్ని ఎముకకి కలిపే టెండన్లకీ నెలలు కావాలి. మీకు దమ్ము వచ్చింది కదా అని కాలు ఒప్పుకోదు," అన్నారు. నా నొప్పికి కారణం నాకు అప్పుడు అర్థమైంది. నేను లావుగా ఉండటం ఒక్కటే కాదు, తొందరపడ్డాను.

రోజూ మెట్టు మీద మడమలెత్తడం, వారానికి మూడు రోజులే బయటికి వెళ్ళడం, మాట్లాడగలిగే వేగం దాటకపోవడం. ఈ మూడే చెప్పి పంపించారు.

మాట్లాడగలిగే వేగం అంటే, పక్కన మనిషి ఉంటే మధ్యలో ఆగకుండా పూర్తి వాక్యం చెప్పగలగాలి. నా పక్కన ఎవరూ లేరు. తెల్లవారుజామున ఒక్కదాన్నే. ఏం మాట్లాడను? ఎక్కాలు మొదలుపెట్టాను. పదమూడో ఎక్కం. చిన్నప్పుడు నాన్న రాత్రి పడుకునే ముందు అప్పజెప్పించుకునేవారు, నేను ఎప్పుడూ పదమూడు ఏళ్ళు ఎంత అన్న దగ్గరే తడబడేదాన్ని. ఇప్పుడు అదే నా కొలత అయింది. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది... ఒక్కో వరుస ఒక ఊపిరిలో రావాలి. "ఇరవై" అన్నాక గాలి పీల్చుకుని "ఆరు" అనాల్సి వచ్చిందంటే వేగం ఎక్కువైనట్టు. చాతీకి పట్టీ కట్టుకునే గుండెవేగం మీటర్లూ, చేతి గడియారాలూ చాలా ఉన్నాయి, వాటినేమీ కాదనను. నాకు మాత్రం ఎక్కం చాలింది.

మొదటి రోజు ఆ లెక్కన పరుగెత్తితే నడిచేవాళ్ళు నన్ను దాటి పోయారు. నిజంగానే ఒక పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని దాటి వెళ్ళారు. అప్పటికి కిలోమీటరుకి దాదాపు 10 నిమిషాలు పడుతోంది నాకు. చాలా కష్టమనిపించింది, శరీరానికి కాదు, మనసుకి. వేగం పెంచేద్దామని కాళ్ళు లాగుతున్నాయి. పెంచలేదు. మూడో వారం దాటింది, ఎముక నొప్పి రాలేదు. నాలుగో వారం దాటింది, రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఎముక వెంబడి వేలితో పైనుంచి కింద దాకా నొక్కి చూసుకున్నాను. ఎక్కడా ఏమీ లేదు. మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.

ప్రణాళిక నా సొంతం కాదు. 1996లో జాష్ క్లార్క్ అనే ఆయన, యాభైల్లో ఉన్న వాళ్ళమ్మ కూడా చేయగలిగేలా రాసిన 'కౌచ్ టు 5కె' (సోఫా నుంచి 5 కిలోమీటర్ల దాకా) అనే తొమ్మిది వారాల పద్ధతి. మొదటి వారం 5 నిమిషాలు చురుగ్గా నడక, తర్వాత 20 నిమిషాల పాటు 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. అలా పెంచుకుంటూ పోవాలి. తొమ్మిది వారాలది నాకు పంతొమ్మిది వారాలు పట్టింది. కష్టంగా ఉన్న వారాన్ని మళ్ళీ చేశాను, ఐదో వారాన్నయితే నాలుగుసార్లు చేశాను. అందులో మూడో రోజు ఒక్కసారిగా 20 నిమిషాలు నడక లేకుండా పరుగెత్తమంటారు. అది చూసి వచ్చిన టెన్షన్ నాకింకా గుర్తుంది.

ఇక బరువు సంగతి. ఇక్కడే నేను చాలా కాలం పొరబడ్డాను.

పరుగెత్తితే బరువు తగ్గుతుందనుకున్నాను. ఒకరోజు కాగితం తీసుకుని లెక్క వేశాను. పరుగులో కిలోమీటరుకి, మన ఒంటి బరువు ఒక్కో కిలోకీ, ఉజ్జాయింపుగా ఒక కేలరీ ఖర్చవుతుంది. అంటే నాకు కిలోమీటరుకి 92. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. వారానికి అరకిలో తగ్గాలంటే 3,850. దాన్ని 92తో భాగించాను. దాదాపు 42 కిలోమీటర్లు వచ్చింది! అంటే తిండి ఏమాత్రం మార్చకుండా పరుగుతోనే తగ్గాలనుకుంటే వారానికో మారథాన్ పరుగెత్తాలి. నేను అప్పటికి వారం మొత్తం మీద కష్టపడి 8 కిలోమీటర్లు వెళుతున్నాను.

ఆ కాగితం చూశాక రెంటినీ విడదీశాను. బరువు పని పళ్ళెం దగ్గర. పరుగు పని రోడ్డు మీద. ఒకదానికి రెండోదాన్ని శిక్షగా వాడను. అంతకుముందు రాత్రి ఎక్కువ తింటే పొద్దున్నే "దీన్ని అరగదీయాలి" అని బయల్దేరేదాన్ని, పరుగెత్తి వచ్చాక "ఇంత కష్టపడ్డాను కదా" అని రెండోసారి వడ్డించుకునేదాన్ని. రెండూ మానేశాను. చిన్న పళ్ళెం, అందులో పావు వంతు ప్రోటీన్, సగం కూరగాయలు, రాత్రి భోజనం తర్వాత వంటింట్లోకి వెళ్ళకపోవడం, తీపి పానీయాలు బంద్. రోజుకి ఒక 400 కేలరీలు తగ్గించాను, అంతకు మించి తగ్గించలేదు.

ఎందుకు మించలేదో చెప్పాలి. ఎనిమిదో నెలలో బరువు 83 దగ్గర కదలకుండా ఐదు వారాలు నిలబడిపోయింది. ఓపిక పట్టలేక ఒక శనివారం దాదాపు ఏమీ తినలేదు. మర్నాడు 7 కిలోమీటర్ల పొడవు పరుగు ఉంది. నాలుగు కిలోమీటర్ల దాకా బాగానే ఉంది. ఐదో దాంట్లో ఎక్కం తప్పింది. ఊపిరి అందక కాదు, పదమూడు ఆర్లు ఎంతో గుర్తు రాలేదు. అంత తెలిసిన లెక్క, ఎంత వెతికినా దొరకలేదు. తర్వాత కంటి అంచుల నుంచి వెలుతురు తగ్గుతూ వచ్చింది. చేతివేళ్ళు చల్లబడ్డాయి. రోడ్డు పక్క అరుగు కనిపిస్తే కూర్చుని తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను. దారిన పోయే ఒకావిడ ఆగి, ఏమీ అడగకుండా సంచిలోంచి చక్కెర ప్యాకెట్టు తీసి చేతిలో పోసింది. పది నిమిషాలకి తేరుకున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మాయి స్కూటర్ మీద వచ్చింది. దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "అమ్మా, నువ్వు సన్నబడకపోయినా నాకేం కాదు. నువ్వు పడిపోతే నాకు భయం," అంది. దానికి పద్నాలుగేళ్ళు. అప్పటి నుంచి పొడవు పరుగుకి ముందురోజు తిండి తగ్గించే ప్రసక్తే లేదు. తగ్గించడం మిగతా రోజుల్లోనే.

(స్కూటర్ అన్నానని కంగారు పడకండి, నడిపింది మా ఆయన. అది వెనక కూర్చుంది.)

బరువు నిలబడిపోవడం గురించి ఇంకొంచెం. కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా దాగుతుంది, ఒక్కో గ్రాముకీ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుంటుంది. పరుగు దూరం పెంచిన వారంలో కండరాలు ఆ నిల్వ పెంచుకుంటాయి, పైగా నొప్పి పుట్టిన కండరంలో వాపు నీరు చేరుతుంది. ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందూ అంతే. కొవ్వు తగ్గుతూనే ఉన్నా ముల్లు కదలదు. నేను రోజూ తూచుకోవడం మానేసి వారం సగటు చూడటం, నెలకోసారి టేపుతో నడుము కొలవడం మొదలుపెట్టాను. ఆ ఐదు వారాల్లో బరువు కదలకపోయినా నడుము 3 సెంటీమీటర్లు తగ్గింది! టేపుని మూడుసార్లు చుట్టి చూసుకున్నాను.

అసలు కరిగిన కొవ్వు ఎటు పోతుందో కూడా ఈ క్రమంలోనే తెలిసింది. చెమటలో పోతుందనుకునేదాన్ని. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది: 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల్లోంచే బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. ఈ సంగతి నాకెంత నచ్చిందో చెప్పలేను. నేను తగ్గిన 16 కిలోల్లో చాలా భాగం ఊపిరిగా వదిలేశానన్నమాట. అలాగని గబగబా ఊపిరి వదిలితే ఏమీ తగ్గదు, కొవ్వు ముందు ఖర్చవ్వాలి.

ఎవరూ చెప్పని విషయం ఒకటి: తొడలు ఒరుసుకుపోవడం. 3 కిలోమీటర్లు దాటగానే లోపలివైపు చర్మం ఎర్రగా రేగి, స్నానంలో నీళ్ళు పడితే మంట. నాకు సిగ్గుగా ఉండి ఎవరినీ అడగలేదు, పెట్రోలియం జెల్లీ రాసుకుంటే చాలని రెండు నెలలు ఆలస్యంగా తెలిసింది. మోకాళ్ళ పైదాకా వచ్చే బిగుతు షార్ట్స్ కూడా సాయం చేస్తాయి. లోదుస్తుల మీద పెట్టిన డబ్బు గురించి బాధపడకండి, బూట్ల మీద పెట్టినంత అవసరమే అది కూడా.

10 కిలోమీటర్లకి నడక విరామాలతోనే వెళ్ళాను. 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే రెండేళ్ళ తర్వాత కొత్తవాళ్ళకి నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి ఇది. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే, మొదటి నుంచీ నడవడం. నడిస్తే అది పరుగు కాదనేవాళ్ళతో నాకు వాదన లేదు. నా మోకాళ్ళు బాగున్నాయి.

మొన్న ఆదివారం మొదట్లో జనం ఒక్కసారిగా ముందుకి దూసుకెళ్ళారు. నేను ఎక్కం చెప్పుకుంటూ వెనకే ఉండిపోయాను. 5 కిలోమీటర్లకి 41 నిమిషాలు. ఆరో కిలోమీటర్లో ఎత్తురోడ్డు వచ్చింది, ఎక్కం చెప్పడం కుదిరే దాకా వేగం తగ్గించాను. 8 దాటాక నా నడక నిమిషం వచ్చింది. పక్కన నా వయసే ఉన్న ఒకావిడ నడుస్తోంది, నడుము పట్టుకుని. ముఖం ఎర్రబడిపోయింది.

"ఇంకా ఎంతుందండీ?" అంది.

"రెండుకి తక్కువే. నిమిషం అయ్యాక నాతో రండి, మెల్లగానే వెళతాను."

నిమిషం అయింది. ఇద్దరం కదిలాం. అలవాటు కొద్దీ నా నోరు ఆడుతూనే ఉంది. కొంచెం దూరం వెళ్ళాక ఆవిడ తల ఇటు తిప్పింది.

"ఏమంటున్నారండీ?"

"పదమూడో ఎక్కం. మాట ఆగకుండా వస్తోందంటే వేగం సరిపోయినట్టు."

ఆవిడ ఏమీ అనలేదు. నేను "పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది" అని ఊపిరి తీసుకునేలోపు, పక్కనుంచి మెల్లగా వినిపించింది.

"పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి."